సీళ్ళు మార్చకుండా మూసిన ఇంజను

ఆగస్టులో ఒకసారి విప్పి కట్టిన ఇంజన్ని నవంబర్లో మళ్ళీ విప్పాను. 1970 మోడల్ యమహా డీటీ-1. మధ్యలో అది నడిచింది మొత్తం నలభై నిమిషాలు. ఇంటి వెనక మొక్కజొన్న కోసేసిన పొలం గట్టు మీద మూడో గేర్లో పోతుంటే ముందు ఇంజను గొంతు మారింది, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు బరువెక్కింది, నేను క్లచ్ పట్టుకునేలోపే వెనక చక్రం జారి ఆగిపోయింది. కిక్ కొడదామంటే రాడ్డు దిగలేదు. సీజ్, అంటే పిస్టన్ సిలిండర్ గోడకి పట్టేసింది. ఇలా పాత టూ స్ట్రోక్ బండి ఇంట్లో కట్టుకోవాలనుకునేవాళ్ళు మన వాళ్ళలో చాలామందే ఉన్నారు, ఆర్ఎక్స్ 100 అయినా యెజ్డీ అయినా సంగతి ఒకటే కాబట్టి, నేను ఎక్కడ తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను.

బండి దొరికింది ఇక్కడే ఒహాయోలో. లెక్సింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో రేస్ ట్రాక్‌లో జూలైలో వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ అని జరుగుతుంది, రేసుల కంటే నాకు అక్కడి పాత సామాన్ల సంత ఇష్టం, ఎకరాలకి ఎకరాలు టార్పాలిన్లు పరిచి ట్యాంకులు, క్రాంకులు, కార్బరేటర్లు పెట్టుకుని కూర్చుంటారు. అక్కడ ఒక పెద్దాయన ట్రక్కు వెనక ఉంది ఇది. డీటీ-1ని 1967లో టోక్యో మోటార్ షోలో చూపించి 1968 నుంచి అమ్మారు. 246 సీసీ, ఒకటే సిలిండర్, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 64, బరువు 112 కిలోల దగ్గర. అంతకు ముందు మట్టిలో తిరగాలంటే రోడ్డు బండికే సైలెన్సర్ పైకెత్తి కట్టుకోవాలి, లేకపోతే యూరప్ నుంచి వచ్చే ఖరీదైన రేసు బండి కొనుక్కోవాలి. లైట్లున్న, రిజిస్ట్రేషన్ అయ్యే, మామూలు మనిషి కొనగలిగే బండి అడవి దారిలో కూడా నిజంగా నడిచింది దీనితోనే. నాకు దీని మీద ప్రేమ ఇప్పటిది కాదు. పోయిన ఏడాది దాకా డబ్బుకీ చోటుకీ కుదరలేదు, అంతే.

ఆగస్టులో నేను చేసింది పై పని. హెడ్ తీశాను, సిలిండర్ తీశాను, 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్‌కి సరిపడేలా సిలిండర్ లోపల కోయించాను, అదే బోరింగ్, కొత్త రింగులు, కొత్త గజన్ పిన్, కొత్త గ్యాస్కెట్లు. కార్బరేటర్ శుభ్రం చేశాను. కంప్రెషన్ బ్రహ్మాండంగా వచ్చింది, రెండో కిక్‌కే స్టార్ట్ అయింది. కింది సగం, అంటే క్రాంకూ దాని బేరింగులూ ఉండే భాగం జోలికి పోలేదు. పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కన్‌రాడ్ పట్టుకుని పైకీ కిందకీ గుంజి చూశాను, ఊగలేదు, బాగుంది కదా అని మూసేశాను.

సీజ్ అయిన రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయన విజయవాడ ఆటోనగర్లో ముప్ఫై ఏళ్ళు బోరింగ్ మిషన్ మీద పనిచేశారు. మా ఇంట్లో ఉన్నది రాజ్‌దూత్ 175. బంకులో పెట్రోల్ కొట్టించి, ఆయిల్ కొలత డబ్బాతో పోయించి, రెండూ కలవాలని బండిని కాళ్ళ మధ్య పెట్టుకుని అటూ ఇటూ ఊపేవారు, ముందు ట్యాంకు మీద కూర్చున్న నేను కూడా దానితోపాటు ఊగేవాణ్ణి.

"ఒరేయ్, పిస్టన్ ఏ వైపు గీసుకుంది?" అన్నారు.

"సైలెన్సర్ వైపు నాన్నా."

"క్రాంక్ సీళ్ళు మార్చావా?"

"లేదు. బానే ఉన్నాయి కదా అని..."

"బాగున్నాయని ఎలా చూశావు?"

చూడలేదు. ఆయిల్ కారట్లేదు కాబట్టి బాగున్నాయనుకున్నాను, అంతే.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంక్ గది అంటే ఆయిల్ ఉండే చోటు, అక్కడ సీలు పోతే నేల మీద మరక పడుతుంది, మనకి తెలుస్తుంది. టూ స్ట్రోక్‌లో ఆ గదే పంపు. పిస్టన్ పైకి పోతున్నప్పుడు కింద గదిలో ఖాళీ ఏర్పడి కార్బరేటర్ నుంచి గాలీ పెట్రోలూ లాక్కుంటుంది, కిందకి వస్తున్నప్పుడు ఆ కలిసిన గాలిని నొక్కి సిలిండర్ గోడలో ఉండే పోర్టుల్లోంచి, అంటే రంధ్రాల్లోంచి పైకి తోస్తుంది. క్రాంక్ రెండు చివరలా ఉన్న రబ్బరు సీళ్ళే ఆ పంపుకి మూతలు. మాగ్నెట్ వైపు సీలు గట్టిపడి వదులైతే బయటి గాలి నేరుగా లోపలికి దూరుతుంది. ఆ గాలిలో పెట్రోల్ ఉండదు, ఆయిల్ ఉండదు. మంట వేడెక్కిపోతుంది, ముందే వేడిగా ఉండే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ ఉబ్బి గోడకి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే కథ వేరు, అది గేర్‌బాక్స్ ఆయిల్ని లోపలికి పీల్చుకుంటుంది, తెల్లటి పొగ వస్తుంది, గేరాయిల్ మాత్రం ఎక్కడికి పోతుందో తెలియకుండా తగ్గిపోతూ ఉంటుంది. నేను కట్టిన పై భాగం కొత్తది, బిగుతైనది. కింద యాభై ఏళ్ళ నాటి రబ్బరు.

ఇంజన్ కేసులు, అంటే క్రాంకూ గేర్లూ ఉండే డొక్కు రెండు సగాలు, విడదీసే ముందు అనుమానం తీర్చుకోవాలని లీక్ టెస్ట్ చేశాను. ఈ టెస్టుకి సామాను అమ్ముతారు గానీ నేను ఇంట్లో పాడైన బీపీ మిషన్ వాడాను, పట్టీ తీసేసి బంతీ గేజీ మాత్రం. ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ రబ్బరు బిరడాలు పెట్టి బిగించాలి, ఈ బండిలో ఆయిల్ని విడిగా పంపే పంపు నుంచి వచ్చే సన్న గొట్టం కూడా మూయాలి, అది మర్చిపోతే లేని లీకు కోసం రోజంతా వెతుక్కుంటాం. గేజీ 300 చూపించేదాకా కొట్టాలి, అది సుమారు 6 పీఎస్ఐ. ఆరు నిమిషాలు ముల్లు కదలకూడదు. నాది అర నిమిషంలో సున్నాకి వచ్చేసింది. మాగ్నెట్ వీల్ తీసి సీలు చుట్టూ సబ్బు నీళ్ళు పూస్తే పాలు పొంగినట్టు నురగ పొంగింది. తర్వాత ఆ సీలు బయటికి లాగి గోరుతో నొక్కి చూశాను, ఎండిపోయిన పాత చెప్పు అడుగులా ఉంది, గోరు దిగలేదు, వంచితే పుటుక్కున విరిగింది.

సీలు ఒక్కటే అయితే బయట నుంచే మార్చి ఊరుకోవచ్చేమో. కానీ సీజ్ అయినప్పుడు పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం పొడి క్రాంక్ గదిలోకి పోయి ఉంటుంది, అది బేరింగుల్లో చిక్కుకుంటుంది. కాబట్టి ఇంజన్ దించి పూర్తిగా విప్పక తప్పలేదు.

స్క్రూల గురించి ఒక మాట. ఈ పాత జపాన్ బళ్ళ కవర్ స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ స్క్రూల్లా ఉంటాయి, కావు. వాటి గాడి కొలత వేరు, జేఐఎస్ అంటారు, జపాన్ వాళ్ళ సొంత ప్రమాణం. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పైకి జారి గాడి అరిగిపోతుంది. జేఐఎస్ బిట్టు వేసిన ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే యాభై ఏళ్ళ స్క్రూ కూడా కదిలింది.

కేసులు పుల్లర్‌తో మెల్లగా విడదీశాను. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, ఆ అతుకులో పడిన ఒక్క గాటు చాలు, మళ్ళీ గాలి దూరడానికి. గేర్ షాఫ్టులు బయటికి తీసేటప్పుడు పల్చటి షిమ్ (సందు సర్దే రేకు) ఒకటి లెక్కకి తగ్గింది. గంటసేపు నేలంతా వెతికాను. చివరికి చూస్తే కేసు లోపలి గోడకి ఆయిల్ తడితో అంటుకుని ఉంది, అదే రంగు, వెలుతురు పక్క నుంచి పడితే తప్ప కనపడదు.

కొత్త బేరింగులు రాత్రంతా ఫ్రీజర్లో గోంగూర ప్యాకెట్ పక్కన పెట్టాను. మర్నాడు హీట్ గన్‌తో కేసుని నీటి చుక్క వేస్తే చుయ్యిమనేదాకా వేడి చేశాను. వేడికి అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, గుంట పెద్దదవుతుంది, చల్లబడ్డ బేరింగు చిన్నదవుతుంది. చేత్తో తిన్నగా వదిలితే టక్‌మని కూర్చుంది. ఆ చప్పుడు కోసమే మళ్ళీ ఒకటి కట్టాలనిపిస్తుంది నాకు. క్రాంక్‌ని మాత్రం సుత్తితో కొట్టకూడదు, అది ముక్కలు ప్రెస్‌లో నొక్కి కూర్చినది, ఒక్క దెబ్బకి వంకర పోతుంది. డయల్ గేజీ పెట్టి తిప్పితే చివరల్లో 0.02 మిల్లీమీటర్ల ఊగు వచ్చింది, చాలు.

సిలిండర్ ఈసారి 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్‌కి పోయింది. నాన్న ఫోన్లోనే మళ్ళీ మళ్ళీ చెప్పారు, పిస్టన్ చేతికి వచ్చాకే బోరింగుకి ఇవ్వు, డబ్బా మీద అంకె చూసి కోయనివ్వకు, పిస్టన్ని కొలిచి కోయమను అని. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య గ్యాప్ 0.045 మిల్లీమీటర్లు పెట్టించాను. వచ్చాక పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిచాను. కోసిన తర్వాత పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, సన్నటి ఎమెరీతో మొద్దు చేయకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. ఆ పనికి ఒక ఆదివారం పట్టింది.

అంతా బిగించాక మళ్ళీ బీపీ బంతి. రెండు నిమిషాల్లో 300 నుంచి 260కి జారింది. నిజంగా ఏడుపొచ్చింది. సబ్బు నీళ్ళు పూస్తే సీళ్ళ దగ్గర ఏమీ లేదు, సిలిండర్ అడుగున ఒక మూల మాత్రం ఒకే ఒక్క బుడగ, మెల్లగా పెరుగుతూ. సిలిండర్ ఎత్తి చూస్తే పాత గ్యాస్కెట్ ముక్క, గోటి కొసంత, కేసుకి అంటుకునే ఉంది. అది గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి కట్టాక ఆరు నిమిషాలూ ముల్లు అక్కడే నిలబడింది. మా అమ్మాయి ఫోన్లో టైమ్ చూస్తూ ప్రతి నిమిషం పైకి చదివింది.

మొదటి ట్యాంకుకి ఆయిల్ పంపు ఒక్కదాన్నే నమ్మకుండా పెట్రోల్లో కూడా కొంచెం కలిపాను, పంపు గొట్టంలో గాలి బుడగలు పోయాయో లేదో చూసుకున్నాను. స్టార్ట్ చేసి సిలిండర్ రెక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే ఆపేశాను, పూర్తిగా చల్లారనిచ్చాను, అలా మూడు సార్లు. చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ బిగించాను. ఏప్రిల్లో మంచు కరిగాక అదే పొలం గట్టు మీద నలభై నిమిషాలు దాటి, గంట దాటి తిప్పాను. ప్లగ్ విప్పితే టీ పొడి రంగులో ఉంది. నాన్నకి ఫొటో పంపితే, "రంగు బాగానే ఉంది, పొద్దున్నే గేరాయిల్ చూడు, అవతలి సీలు సంగతి అది చెప్తుంది" అని మెసేజ్ పెట్టారు. పొద్దున్న చూశాను. నిన్న ఉన్న గీత దగ్గరే ఉంది.