తెల్లారి పేపర్ రానియ్యి

మూడేళ్ల కింద డల్లాస్‌లో మా హాల్లో టీవీ డిబేట్ ఆట ఒకటి నడిచేది. మా అమ్మాయి సోఫా మధ్యలో కూర్చుని టీవీ రిమోట్‌ను మైకులా పట్టుకునేది. ఒక పక్క మా పిల్లగాడు, ఇంకో పక్క ఎదురింటి కరీంనగర్ వాళ్ల అబ్బాయి. ఇద్దరూ ఒకేసారి అరవాలి, అదే రూలు. అమ్మాయి "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, మీకూ అవకాశం ఇస్తాను" అంటూ ఇద్దరికీ ఇవ్వకుండా తానే మాట్లాడేది. గొడవ బాగా ముదిరాక "సమయం లేదు, చిన్న విరామం" అని లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచేది. ఆరేళ్ల మావాడికి ఓక్రాను తెలుగులో బెండకాయ అంటారని తెలియదు. "బేషరతుగా క్షమాపణ చెప్పాలి" అని మాత్రం ఎక్కడా తడబడకుండా అనేవాడు.

మొదట్లో నవ్వుకున్నాం. వీడియో తీసి చుట్టాలకు కూడా పంపాం. ఒకరోజు అన్నం తింటుంటే అమ్మాయి అడిగింది: "డాడీ, ఇండియాలో అందరూ ఎప్పుడూ కోపంగానే ఉంటారా?" ఛ, అట్లేం కాదు అనబోయాను. నా వెనక టీవీలో నలుగురు నాలుగు డబ్బాల్లోంచి అరుస్తున్నారు. వాళ్ల అరుపుల్లో నా మాట నాకే వినబడలేదు.

నేను నల్లగొండ వదిలింది 2010లో. వచ్చేటప్పుడు పచ్చళ్లు, కారం పొట్లాలు తెచ్చుకున్నట్టే ఊరి తగాదా కూడా తెచ్చుకున్నాం. పచ్చళ్లు అయిపోయాయి, తగాదా అట్లాగే ఉంది. ఏ చానల్ ఏ పార్టీదో చిన్నపిల్లలకు కూడా తెలిసిన రోజులివి. ఒకరి ఇంటికి భోజనానికి వెళితే హాల్లో ఏ చానల్ నడుస్తుందో చూసి, ఏం మాట్లాడొచ్చో ఏం మాట్లాడకూడదో తేల్చుకుంటాం. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా నల్లగొండ వాళ్ల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. ఇందులో తమాషా ఏమిటంటే, బయటి దేశంలో ఉన్న భారత పౌరుడు ఓటు నమోదు చేసుకున్నా సరే, వెయ్యాలంటే మనిషి బూత్ దగ్గరికి రావాల్సిందే. ఈ పదిహేనేళ్లలో నేను ఒక్కసారి కూడా వెళ్లి వెయ్యలేదు. నల్లగొండలో ఓటెయ్యని నేను, ఆ ఓటు గురించే డల్లాస్‌లో సాటి నల్లగొండ వాడితో నాలుగు నెలలు మాట్లాడలేదు.

పిల్లలకు అందిన దేశం అదీ. తప్పు చానల్‌ది ఎంతో, రిమోట్ పట్టుకున్న నాదీ అంతే.

మా నాయన రిటైరైన తెలుగు పండితుడు, జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా చెప్పాడు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో మావాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని బడిలో నేర్చుకున్న అమెరికా ప్రతిజ్ఞ ఒప్పజెప్పాడు. అది అయ్యాక ఆగకుండా ఇంకోటి మొదలుపెట్టాడు. అదేందని నాయన అడిగితే, టెక్సాస్ జెండాకు వేరే ప్రతిజ్ఞ ఉంటుందని, ఇక్కడి బళ్లలో పొద్దున రెండూ చెప్పిస్తారని నేను చెప్పాను.

"రాష్ట్రానికి కూడానా? మాకు రాష్ట్రం వచ్చుడుకే అరవై ఏండ్లు పట్టె" అన్నాడు నాయన. తర్వాత కుర్చీలోంచి లేచి, చెయ్యి ముందుకు చాపి, "భారతదేశం నా మాతృభూమి" అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. లుంగీ మీద, ఎనభై ఒకటో ఏట. ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టినందువల్ల మాకు నడుము, చాపిన చెయ్యి మాత్రమే కనబడ్డాయి. "తాతా, నీకు ఒక్కటేనా?" అని మావాడు జాలిపడ్డాడు.

ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు మా పక్క అన్నెపర్తి ఆయనే. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో తెలుగులో రాశాడు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చెప్పుకుంటోంది. చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. నేను పదో తరగతి దాకా రోజూ చెప్పాను. ఇది మన పక్కూరి వాడిదని బళ్లో నాకెవరూ చెప్పలేదు, మా నాయనతో సహా. ఆయనకూ తర్వాత పేపర్లో చూస్తేనే తెలిసిందట.

పోయిన ఏడాది, 2025 సెప్టెంబర్‌లో, అమ్మ సంవత్సరీకానికి అమ్మాయిని తీసుకుని నల్లగొండ వచ్చాను. నా భార్య, కొడుకు డల్లాస్‌లోనే ఉన్నారు. రామగిరిలోని మా ఇంటికి రోజూ రెండు పేపర్లు వస్తాయి, రెండూ ఒకదానికొకటి పడనివి. "ఒకటి అబద్ధం చెప్తే రెండోది పట్టిస్తది. రెండూ కలిసి చెప్పినయనుకో, ఇగ మనం చేసేదేం లేదు" అంటాడు నాయన. చదివేటప్పుడు చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. అక్షరదోషాలు దిద్దుతాడు, అంకెలు తప్పితే సున్నా చుడతాడు. దిద్దిన పేపర్ ఎవరికి చూపిస్తావని అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఈసారి అడిగేవాళ్లు లేరు కాబట్టి ఇంకో నాలుగు గీతలు ఎక్కువే గీస్తున్నాడు.

సెప్టెంబర్ 17 పొద్దున మేం ముగ్గురం గడియారం సెంటర్ దాకా నడిచాం. అమ్మాయి అమెరికాలో మన పిల్లలకు తెలుగు నేర్పే మనబడిలో చదవడం నేర్చుకుంది, కూడబలుక్కుని చదువుతుంది. దారి పొడవునా ఫ్లెక్సీలు. ఒకదాని మీద విమోచన దినం. ఒకదాని మీద ప్రజా పాలన దినోత్సవం. ఇంకొకటి జాతీయ సమైక్యతా దినోత్సవం. ఎర్ర ఫ్లెక్సీ మీద సాయుధ పోరాట వారోత్సవాలు. అమ్మాయి నాలుగూ చదివి, "తాతా, ఇవాళ నాలుగు పండగలా?" అంది.

"ఒక్కటే రోజు బిడ్డా. 1948ల ఇదే రోజు నిజాం లొంగిపోయిండు. గంత మటుకు ఖాయం. పేరు మాత్రం ఎవ్వనికి అనుకూలమైంది వాడు పెట్టుకున్నడు."

"నువ్వు ఏమంటావ్?"

నాయన వెంటనే చెప్పలేదు. చాయ్ తెప్పించాడు. అప్పుడు తనకు నాలుగేళ్లని, రజాకార్లు వస్తున్నారని ఎవరో అంటే వాళ్లమ్మ తనను జొన్నచేనులో దాచిందని, ఏడవకుండా చేతికి పచ్చి కంకి ఇచ్చిందని చెప్పాడు. "నాకు యాదున్నది ఆ కంకి రుచే. మిగిలిందంతా తర్వాత చదువుకున్నదే." ఏ పేరుతో పిలుస్తాడో మాత్రం చెప్పలేదు. అమ్మాయి మళ్లీ అడగలేదు. నేనైతే మూడోసారి కూడా అడిగేవాణ్ని.

ఆ సాయంత్రం ఆమెకు షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాడు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రికకు ఎడిటర్. రజాకార్లకు వ్యతిరేకంగా రాశాడని 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపి, రాసిన చెయ్యి నరికేశారు. ఈ నల్లగొండ నుంచే 1922లో 'నీలగిరి పత్రిక' వచ్చేదని, పాలమూరు వైపు వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టాడని కూడా చెప్పాడు. డిబేట్ ఆట ఆడిన పిల్ల నోరు తెరుచుకుని వింది. తర్వాత ఫోన్ తీసి పత్రికా స్వేచ్ఛ సూచీ చూసింది. 2025లో 180 దేశాల్లో ఇండియా 151, అమెరికా 57.

"నూట యాభై ఒకటా? అసొంటి పిల్లగాని తండ్రిని నేను బడికి పిలిపిస్తుంటి" అన్నాడు నాయన. కాసేపాగి, "యాభై ఏడు కూడ ఏం గొప్ప కాదుతియ్యి" అన్నాడు.

శనివారం, 20వ తేదీ తెల్లవారుజామున నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అమెరికాలో మాలాంటి వాళ్లు ఉద్యోగం చేసే హెచ్1బీ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు అని వాషింగ్టన్‌లో సంతకం పెట్టారు. మన టైములో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా అమల్లోకి వస్తుంది. బయట ఉన్నవాళ్లు వెంటనే తిరిగి రావాలని మా కంపెనీ లాయర్ల మెయిల్. గ్రూపుల్లో ఒకడు విమానం ఎక్కి దిగిపోయినవాళ్ల వీడియో పెడతాడు, ఇంకొకడు ఇక ఎవరినీ రానివ్వరంటాడు. నల్లగొండ నుంచి శంషాబాద్ రెండు గంటలు. ఆ పైన డల్లాస్ ఇరవై గంటలకు ఎక్కువే. టికెట్ల రేట్లు చూస్తుండగానే పెరుగుతున్నాయి. నా భార్య ఫోన్‌లో ఏడుస్తోంది. నా చేతులు వణికాయి, దాచుకోవడం ఎందుకు.

అమ్మాయి నా పక్కన మంచం మీద కూర్చుని అంది: "డాడీ, నేను వెళ్లొచ్చు కదా. నువ్వే కదా వెళ్లలేనిది." వెక్కిరింత కాదు, లెక్క. ఆమెది అమెరికా పాస్‌పోర్ట్, పైన భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు. నాది ఇండియా పాస్‌పోర్ట్. ఒకే ఇంట్లో మేం రెండు దేశాల వాళ్లమని అంతకుముందు కాగితాల మీదే తెలుసు.

నాయన అరుగు మీద నుంచి "తెల్లారి పేపర్ రానియ్యిరా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పేపర్ వచ్చేసరికి గడువు అయిపోతుంది నాయనా, అని అరిచాను. ఆయనేం కోపం తెచ్చుకోలేదు. "2018ల గద్వాల దిక్కు పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఫోన్లల్ల ఒక్కటే పుకార్లు. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊర్లకు పోలీసోళ్లను తోలి, పాటలు పాడించి చెప్పించింది, నమ్మకుండ్రని. చదువురానోళ్లు విన్నరు. మీకు గూడ ఎవలన్న డప్పు కొట్టి చెప్పాలె" అన్నాడు.

అమ్మాయి ఇవేవీ పట్టించుకోకుండా వైట్‌హౌస్ సైట్‌లో అసలు ఉత్తర్వు తెరిచి చదువుతోంది. రెండుసార్లు చదివి, "ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల సంగతి ఇందులో క్లియర్‌గా లేదు" అంది. నిజమే. సంతకం రోజు వాణిజ్య మంత్రి ఏటా కట్టాలన్నాడు, మర్నాడు వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ అట్లా కాదంది. రాసినవాళ్లకే తేలని చోట నేను ఫార్వర్డ్‌లలో తేల్చుకోవాలని చూస్తున్నాను. టికెట్ కొనలేదు. ధైర్యం కాదు, అప్పటికే సీట్లు లేవు.

ఆదివారం తెల్లవారకముందే అమ్మాయి లేపింది. ఫీజు కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, బయట ఉన్న పాత వీసా వాళ్లు మామూలుగా రావచ్చు. ప్రెస్ సెక్రటరీ పెట్టిన ప్రకటన నాకు చదివి వినిపించి, మళ్లీ ముసుగు తన్ని పడుకుంది. నేను పడుకోలేదు.

ఆరింటికి పేపర్లు పడ్డాయి. రాత్రే అచ్చయినవి కదా, ఒకదాని మొదటి పేజీలోనే "ఏటా లక్ష డాలర్లు" అని బొద్దక్షరాలు. నాయన దాన్ని అమ్మాయి ముందు పెట్టి ఎర్ర పెన్ను చేతికిచ్చాడు. ఆమె "ఏటా" కొట్టేసి, నాలుక బయటపెట్టి, పైన మెల్లగా రాసింది: "ఒకసారె."

నాయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. పెన్ను మళ్లీ తీసుకుని క కింద ఒత్తు, చివర దీర్ఘం పెట్టాడు.

"నూటికి యాభై" అన్నాడు.