బ్లాస్ట్ ఫర్నేస్ ఆగిపోయాక కూడా ఆడుతూనే ఉన్న జట్టు: కామైషి

జపాన్ రగ్బీ అంటే బయటివాళ్ళకి టొయోటా, సంతోరి, తొషిబా లాంటి పెద్ద కంపెనీల జట్లే గుర్తొస్తాయి. ఈశాన్య జపాన్‌లో నేనుండే ఇవాతె ప్రాంతంలో మాత్రం ఎవర్ని అడిగినా ముందు చెప్పే పేరు కామైషి. ఇప్పుడు రెండో డివిజన్‌లో ఆడుతున్న చిన్న జట్టు, గెలిచేది తక్కువ, ఓడేది ఎక్కువ. అయినా మా ఫ్యాక్టరీలో యాభై దాటిన వాళ్ళ దగ్గర ఆ పేరెత్తండి చాలు, టీ బ్రేక్ అయిపోయినా కదలరు.

నేను కితకామిలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీర్ని. పుట్టి పెరిగింది గాజువాకలో, నాన్న వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో చేశారు. మా సెక్షన్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉన్నారు, ఆయనది కామైషి, వాళ్ళ నాన్న అక్కడి స్టీల్ ప్లాంట్ మనిషి. నాన్నది కూడా స్టీల్ ప్లాంటే అని నేను చెప్పిన రోజు నుంచీ ఆయన నాతో మాట్లాడే తీరే మారిపోయింది. అంతవరకూ పని వరకే మాటలు, పొద్దున అందరం నిలబడి చేసే మీటింగ్‌లో పలకరింపు, సాయంత్రం ‘కష్టపడ్డారు’ అని ఒక మాట, అంతే. ఆ తర్వాత మీ ఊళ్ళో ఫర్నేస్‌లు ఎన్ని, షిఫ్టులు ఎలా ఉండేవి, సైరన్ ఎన్నింటికి మోగేది, ఇవన్నీ అడగడం మొదలుపెట్టారు. మా ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం అని చెప్తే ఆయనకి ఎంత నచ్చిందో. ఆయన తన వంతుగా చెప్పింది రగ్బీ గురించి.

కామైషి పసిఫిక్ పక్కన కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. జపాన్‌లో పాశ్చాత్య పద్ధతి బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగించి తీసింది మొదట ఇక్కడి కొండల్లోనే, 1857లో, ఒషిమా తకతొ అనే ఇంజినీర్. ఆ కొండల్లోనే హషినొ అనే చోట ఉన్న గని, పాత ఫర్నేస్‌ల శిథిలాలు 2015లో యునెస్కో జాబితాలోకి వెళ్ళాయి. ప్లాంట్ ఉందనే 1945లో అమెరికా యుద్ధనౌకలు సముద్రం మీంచి ఈ ఊరి మీద గుండ్లు కురిపించాయి, జులైలో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి. మళ్ళీ కట్టుకున్నారు. 1960ల మొదట్లో ఊరి జనాభా 90 వేలు దాటింది, ఇప్పుడు 30 వేల దగ్గర ఉంది.

జట్టు పుట్టింది 1959లో, అప్పటి కంపెనీ పేరు ఫుజి స్టీల్. 1970లో ఫుజి, యవత అనే ఇంకో స్టీల్ కంపెనీ కలిసి నిప్పన్ స్టీల్ అయ్యాక జట్టు కూడా నిప్పన్ స్టీల్ కామైషి అయింది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఇది డబ్బులు పోసి స్టార్లని కొనుక్కున్న జట్టు కాదు. ఎక్కువమంది తొహొకు, అంటే ఈశాన్య జపాన్, హైస్కూళ్ళలో చదివి నేరుగా ప్లాంట్‌లో చేరిన కుర్రాళ్ళు, పగలు డ్యూటీ, డ్యూటీ దిగాక గ్రౌండ్. వాళ్ళతో పాటు యూనివర్సిటీల నుంచి కొద్దిమంది వచ్చారు, వాళ్ళలో మెయిజి యూనివర్సిటీ నుంచి వచ్చిన మోరి షిగెతక, మత్సువో యూజి పెద్ద పేర్లు. మోరి చాలా ఏళ్ళ తర్వాత, 2019లో, జపాన్ రగ్బీ యూనియన్ అధ్యక్షుడయ్యారు. మత్సువో ఫ్లై హాఫ్, అంటే ఆట ఎటు తిరగాలో నిర్ణయించేవాడు, చివర్లో ఆడుతూనే జట్టుని నడిపించారు కూడా. కానీ పెద్దాయన అడక్కుండానే చెప్పే పేరు ఇషియామ జిరో, అకితా నుంచి వచ్చిన ప్రాప్. స్క్రమ్‌లో, అంటే బాల్ కోసం రెండు జట్లూ ఎదురెదురుగా తోసుకునేటప్పుడు, ముందు వరసలో మెడలు ఇరికించి తోసే మనిషి, పేపర్లో ఫొటో వచ్చే పని కాదు అది, అయినా ఈ ఊరికి అలాంటివాళ్ళే ఇష్టం.

మొదటి జాతీయ టైటిల్ 1977లో. ఆ తర్వాత 1979 నుంచి 1985 దాకా వరసగా ఏడేళ్ళు, ఏడు టైటిళ్ళు. అప్పట్లో పద్ధతి ఏంటంటే కంపెనీ జట్లలో ఛాంపియన్, యూనివర్సిటీల్లో ఛాంపియన్, ఇద్దరూ జనవరి 15న టోక్యో నేషనల్ స్టేడియంలో తలపడాలి. కామైషి నుంచి జనం రైళ్ళలో, బస్సుల్లో వెళ్ళేవాళ్ళట, వేట బాగా పడ్డప్పుడు పడవలకి కట్టే పెద్ద పెద్ద రంగుల జెండాలు పట్టుకుని. స్టాండ్స్‌లో ఆ జెండాలు ఊగితే టోక్యో వాళ్ళు కూడా లేచి చూసేవాళ్ళు, ఉత్తరాది ఉక్కు మనుషులు అని పేరు పెట్టింది దేశం. 1985 జనవరిలో ఏడోది, ఎదుట దోషిషా యూనివర్సిటీ, అందులో హిరావో సెయిజి అనే కుర్రాడు. కామైషి 31-17తో గెలిచింది, మత్సువో కాలి గాయంతోనే ఆడి అక్కడే ఆటకి సెలవు చెప్పారు.

ఓడిన ఆ హిరావో తర్వాత కొబె స్టీల్‌లో చేరాడు. కొబె స్టీల్ కూడా వరసగా ఏడు గెలిచింది, ఏడోది 1995 జనవరి 15న, రెండు రోజులు తిరక్కుండా 17న కొబె భూకంపం. రెండూ స్టీల్ కంపెనీలే, రెండు జట్లూ ఏడేసి, రెండు ఊళ్ళనీ భూమి కుదిపేసింది. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో కొబె మీద పోటీ అస్సలు వినపడదు, చుట్టాల గురించి చెప్తున్నట్టే ఉంటుంది.

ఏడు టైటిళ్ళ తర్వాత దిగడం మొదలైంది. స్టీల్‌కి గిరాకీ తగ్గింది, కంపెనీ పనిని పెద్ద ప్లాంట్లకి మార్చేసుకుంటూ పోయింది, 1989 మార్చిలో కామైషిలో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆపేశారు. ఇప్పటికీ అక్కడ టైర్లలో వేసే తీగకి కావాల్సిన స్టీల్ చేస్తున్నారు, కానీ ఇనుము కరిగించే పని అయిపోయింది. ఫర్నేస్ ఆగిన రోజు వాళ్ళ నాన్న ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా స్నానానికి వెళ్ళిపోయారని పెద్దాయన ఒకసారి చెప్పారు. నేను ఆ మాట విన్నది 2021లో, విశాఖ ఉక్కుని నూటికి నూరు శాతం అమ్మేస్తామని కేంద్రం ప్రకటించిన కొద్ది నెలలకి. ఆ రోజుల్లో నాన్నతో ఫోన్లో ఏం మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చేది, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్నది రా అనేవారు. ప్లాంట్ అంటే జీతం ఒక్కటే అనుకునేవాళ్ళకి ఇది అర్థం కాదు, స్కూలు, ఆస్పత్రి, క్వార్టర్స్, గ్రౌండ్, పండగ, అన్నీ దాని చుట్టూనే అల్లుకుని ఉంటాయి, అది కదిలితే అన్నీ కదులుతాయి.

కామైషిలో జట్టు కూడా పోవాల్సిందే. 90లలో జపాన్‌లో ఎన్నో కంపెనీలు తమ స్పోర్ట్స్ టీములని మూసేశాయి. ఇక్కడ మాత్రం 2001లో జట్టుని ఊరి క్లబ్‌గా మార్చారు, కామైషి సీవేవ్స్ అని. ఒక్క కంపెనీ మోసే జట్టు బదులు ఊళ్ళో వాళ్ళు మెంబర్లుగా చేరి, లోకల్ కంపెనీలు తలా కొందరు ఆటగాళ్ళకి ఉద్యోగాలిచ్చి, పాత కంపెనీ కూడా ఒక చెయ్యి వేసి నడుపుకునే జట్టు. నా దృష్టిలో ఆ ఏడు టైటిళ్ళ కన్నా ఇది పెద్ద పని. గెలుస్తున్న జట్టుని నిలబెట్టుకోవడానికి అందరూ వస్తారు, ఓడిపోతున్న జట్టుకి ప్రతి ఏడూ మెంబర్‌షిప్ కట్టడానికి వేరే రకం పట్టుదల కావాలి. 2003లో దేశంలో పెద్ద జట్లు ఆడే టాప్ లీగ్ మొదలైంది, అది ఉన్నన్నాళ్ళూ సీవేవ్స్ ఒక్కసారి కూడా అందులోకి ఎక్కలేకపోయింది. దాని స్థానంలో 2022లో లీగ్ వన్ వచ్చింది, రెండో డివిజన్‌లో చోటు దొరికింది, ఇప్పుడు పేరు ముందు మళ్ళీ నిప్పన్ స్టీల్ చేరింది.

2011 మార్చి 11 గురించి నేను జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు ఇప్పటికీ మన పక్కనే పనిచేస్తున్నారు. సునామీలో కామైషిలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. సీవేవ్స్ ఆటగాళ్ళు బలమైన మనుషులు కదా, ముసలివాళ్ళనీ రోగులనీ మోశారు, సాయం వచ్చిన లారీల నుంచి సామాను దింపారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఆడుతున్న స్కాట్ ఫార్డీని వాళ్ళ ఎంబసీ తీసుకెళ్ళిపోతామంది, ఆయన వెళ్ళలేదు, జట్టుతో ఉండిపోయి సామాను మోశాడు. నాలుగేళ్ళ తర్వాత అదే ఫార్డీ ఆస్ట్రేలియా తరఫున వరల్డ్ కప్ ఫైనల్ ఆడాడు. వేరే దేశంలో ఉద్యోగం చేసుకునే మనకి ఇది మామూలు విషయం కాదండి, ఇలాంటి రోజు వస్తే ఉండాలా వెళ్ళాలా అన్నది మన ఇళ్ళల్లో కూడా మాట్లాడుకునే సంగతే, వెళ్ళినవాళ్ళని నేను తప్పు పట్టను, కానీ ఉండిపోయిన మనిషిని ఊరు ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఇక్కడ చూశా.

తర్వాత ఇషియామ లాంటి పాత ఆటగాళ్ళు కలిసి స్క్రమ్ కామైషి అని పెట్టి, వరల్డ్ కప్‌ని ఇక్కడికి తీసుకొద్దాం అన్నారు. ఇళ్ళే లేని జనానికి స్టేడియం ఎందుకని అడిగినవాళ్ళూ ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైందే. చివరికి ఉనొసుమాయిలో, సునామీలో పోయిన ప్రైమరీ స్కూలు, జూనియర్ హైస్కూలు ఉన్న స్థలంలోనే స్టేడియం కట్టారు. ఆ రోజు ఆ రెండు స్కూళ్ళ పిల్లలు, దాదాపు ఆరు వందల మంది, పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఎత్తుకి పరిగెత్తి బతికారు. అదే ఉనొసుమాయిలో, సునామీకి ఉద్దేశించని ఒక సెంటర్‌లో తలదాచుకున్న చాలామంది పెద్దవాళ్ళు పోయారు. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే పెద్దాయనకి కోపం వస్తుంది.

2018 ఆగస్టులో స్టేడియం తెరిచిన రోజు కామైషి, కొబె పాత ఆటగాళ్ళు ఆడారు, తర్వాత సీవేవ్స్ యమహా కంపెనీ జట్టుతో ఆడింది. కొన్ని సీట్లు 2017లో కామైషిలోనే అడవి తగలబడితే మిగిలిన దేవదారు చెక్కతో చేసినవి, కొన్ని టోక్యోలోని పాత నేషనల్ స్టేడియం నుంచి తెచ్చినవి, అంటే ఏడుసార్లు గెలిచిన చోటి సీట్లన్నమాట. 2019 సెప్టెంబర్ 25న వరల్డ్ కప్‌లో ఫిజీని ఉరుగ్వే 30-27తో ఓడించింది, 14,025 మంది చూశారు. అక్టోబర్ 13 మ్యాచ్ మాత్రం హగిబిస్ తుఫాను వల్ల రద్దయింది, ఆడాల్సిన కెనడా ఆటగాళ్ళు పారలు పట్టుకుని వీధుల్లో బురద ఎత్తారు. హగిబిస్ వచ్చింది అక్టోబర్ 12న, మన వైజాగ్‌కి హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబర్ 12నే, ఆ తేదీ నాకు ఎప్పటికీ మామూలు తేదీ కాదు.

నేను మొదటిసారి వెళ్ళింది పెద్దాయన కార్లోనే, తొనొ మీదుగా. రగ్బీ నాకు రాదు, బాల్ వెనక్కే ఎందుకు విసురుతారో కూడా తెలీదు, స్క్రమ్ చూస్తే జాతరలో రథం ఇరుక్కుంటే రెండువైపులా జనం తోస్తున్నట్టు అనిపించింది. పక్కన కూర్చున్న ఒక అమ్మమ్మ నా చేతికి ఒక చిన్న జెండా ఇచ్చి ఊపమంది, నువ్వు ఎక్కడివాడివి, ఎందుకొచ్చావు అని అడగలేదు. వచ్చి కూర్చున్నాను కాబట్టి వాళ్ళ మనిషినే. ఆ రోజు ఓడిపోయాం, ‘మనం’ అని నా నోట్లోంచి అదే మొదటిసారి వచ్చింది జపాన్‌లో. సోమవారం ఫ్యాక్టరీలో నలుగురు స్కోరు నన్నడిగారు.

టోక్యో, నిషికసాయి వైపు ఉండే మనవాళ్ళు వెళ్ళాలనుకుంటే షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో షిన్-హనమకి, అక్కడ కామైషి లైన్ రైలు, కామైషిలో మారి సన్రికు రైల్లో రెండో స్టేషన్ ఉనొసుమాయి, దిగితే స్టేడియం నడిచి వెళ్ళేంత దూరం. ఆటలు ఎక్కువగా చలికాలం నుంచి వసంతం దాకా, గాలి సముద్రం మీంచి కొడుతుంది, మందపాటి కోటు వేసుకోండి. కామైషిలో రామెన్ తినండి, సన్నటి సేమ్యాలు త్వరగా ఉడుకుతాయి, ప్లాంట్ వర్కర్లు ఆగలేరని అలా చేశారని అక్కడ చెప్తారు, వెజిటేరియన్లు మాత్రం ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళడం మేలు. ఎర్ర జెర్సీ ఉన్న వైపు కూర్చోండి.