స్టాక్ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మళ్లీ బిగించాను: నా అనుభవం

నాది 2006 మోడల్ ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, కంపెనీ లెక్కలో 150 హార్స్‌పవర్. రెండేళ్ల కిందట రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించాను. బూస్ట్, అంటే టర్బో గాలిని లోపలికి నెట్టే ప్రెషర్, 0.9 బార్ దాకా వస్తుంది. ఏడాది పాటు ఏ పేచీ పెట్టలేదు. ఒకరోజు తెల్లవారుజామున పాలకొల్లు నుంచి బయల్దేరి, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్తూ, ఖాళీ రోడ్డు చూసి మూడో గేరులో గట్టిగా తొక్కాను. 4,500 ఆర్‌పీఎం దాటగానే బండి డీలా పడిపోయింది. వైడ్‌బ్యాండ్ మీటరు (ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి పోతోందో చూపేది) చూస్తే 12 దగ్గర ఉండాల్సిన అంకె 14 దగ్గరుంది. వెంటనే కాలు తీసేశాను.

బూస్ట్ మీద 14 అంటే పెట్రోలు చాలట్లేదని అర్థం. సిలిండర్‌లో వేడి పెరిగి నాకింగ్ (పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం తనంతట తనే పేలడం) మొదలైతే పిస్టన్ పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఎవరిని అడిగినా ఒకటే మాట. "స్టాక్ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ చాలదు, అడ్జస్టబుల్‌ది వేసి ప్రెషర్ పెంచు." స్టాక్ అంటే కంపెనీ నుంచి బండితో వచ్చినది. ఇంజన్‌కి అందే పెట్రోలు ప్రెషర్‌ని అదుపులో ఉంచే భాగం ఈ రెగ్యులేటర్. వినడానికి లెక్క బాగానే ఉంది. ప్రెషర్ 3 బార్ నుంచి 4 బార్‌కి పెంచితే ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే నాజిళ్లు) దాదాపు 15 శాతం ఎక్కువ పెట్రోలు వదులుతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన చెరకు నుంచీ, నూకల నుంచీ తీసే ఇథనాలే అది. దాంతో అంతే గాలికి ఉత్త పెట్రోలు కన్నా ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. కారణం దొరికేసిందనుకుని ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలకి ఒక అడ్జస్టబుల్ రెగ్యులేటర్ తెప్పించాను. పేరున్న కంపెనీది కాదు, దాన్ని చూసి చేసిన కాపీ. ఆ సంగతి తెలిసే కొన్నాను.

మా మెకానిక్ గారు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ముందు ఉన్నదాన్ని కొలుద్దామండి బాబూ" అన్నారు. నేను ఆగలేదు. బిగించేయమన్నాను. వాక్యూమ్ పైపు తీసి, దాని మూతి మూసి, ఐడిల్‌లో 3.5 బార్‌కి సెట్ చేసి, పైపు మళ్లీ తగిలించారు.

మర్నాడు అదే రోడ్డు మీద చూశాను. 4,500 పైన మళ్లీ 14. వీసమెత్తు తేడా లేదు. కానీ మామూలుగా నడిపేటప్పుడు మాత్రం పెట్రోలు ఎక్కువైపోతోంది. వీసీడీఎస్ కేబుల్ (బండిని ల్యాప్‌టాప్‌కి కలిపే స్కానర్) పెట్టి, పెట్రోలు సవరణ చూపే 032 బ్లాక్ చూస్తే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోలుని 8 శాతం తగ్గించుకుంటోంది. అంటే అవసరం లేనిచోట పెరిగింది, కావాల్సినచోట పెరగలేదు. దీనికి అర్థమేమిటో నాకు రెండు రోజులు బుర్రకెక్కలేదు.

మెకానిక్ గారు ఒక్క మాటలో తేల్చేశారు. ఆయనకి కాలువ శివారులో ఎకరంన్నర చేను ఉంది. "బోదెలో నీళ్లుంటేనే కదండీ, కింద తూము మూస్తే చేను నిండేది? పైనుంచి నీళ్లే రానప్పుడు తూము ఎంత గట్టిగా మూసి ఏం లాభం?"

నిజంగా అంతే. ఈ ఇంజన్‌లో రెగ్యులేటర్ ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) చివర ఉంటుంది. పంపు పంపిన పెట్రోల్లో ఇంజెక్టర్లకి అక్కర్లేని మిగులుని తిరిగి ట్యాంకుకి వదలడమే దాని పని. లోపల ఒక డయాఫ్రమ్ (పల్చటి పొర), ఒక స్ప్రింగ్. పైన చిన్న పైపు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్తుంది. అక్కడ బూస్ట్ ఎంత పెరిగితే రైల్‌లో ప్రెషర్ అంత పెరుగుతుంది, వాక్యూమ్ వస్తే అంత తగ్గుతుంది. 3 బార్ రెగ్యులేటర్ అయితే ఐడిల్‌లో 2.5 దగ్గర, 0.9 బూస్ట్‌లో 3.9 చూపించాలి. ఇంజెక్టర్‌కి అటూ ఇటూ తేడా ఎప్పుడూ 3 బారే. ప్రెషర్ పుట్టించేది పంపు. పంపే చాలకపోతే రెగ్యులేటర్ అప్పటికే పూర్తిగా మూసుకుని ఉంటుంది. ఇక స్టాక్‌దైనా, ఖరీదైనదైనా ఒకటే.

అప్పుడు చేశాం మొదట చేయాల్సిన పని. స్టాక్ రెగ్యులేటర్ మళ్లీ పెట్టి, పెట్రోలు లైన్‌లో గేజీ కలిపి, దాన్ని ముందు అద్దం బయట టేపుతో గట్టిగా కట్టాం. నేను నడుపుతుంటే మా బావ పక్కన కూర్చుని ఫోన్‌లో వీడియో తీశాడు. ఐడిల్‌లో 2.5. పైపు తీస్తే సరిగ్గా 3. అంటే పదిహేడేళ్ల పైబడిన ఆ చిన్న డబ్బా తన పని తాను చేస్తూనే ఉంది. బూస్ట్‌లో ముల్లు 3.6 దాకా ఎక్కి, 5,500 దగ్గర 3.1కి జారింది. ఉండాల్సింది 3.9. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

వెనక సీటు ఎత్తి పంపు దగ్గర వోల్టేజ్ చూశాం. బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే పంపు దగ్గర 10.4. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పితే, దాని కింద పచ్చటి చిలుము పొరలు పొరలుగా రాలింది. చుట్టూ రొయ్యల చెరువులు, ఆ పైన సముద్రపు ఉప్పుగాలి. మా ప్రాంతంలో ఏ బండికైనా మొదట చూడాల్సింది ఎర్త్ బోల్టులేనని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. గీకి శుభ్రం చేసి, కొత్త ఎర్త్ వేసి, పంపుకి విడిగా రిలే, లావు వైరు లాగాం. ఫ్యూయల్ ఫిల్టర్ కూడా మార్చాం. అంతా కలిపి రెండు వేల లోపే. పంపుకి 13.3 వోల్టులు అందాయి. మర్నాడు బూస్ట్‌లో గేజీ 3.85 దగ్గర నిలబడింది, వైడ్‌బ్యాండ్ 12కి వచ్చింది.

అడ్జస్టబుల్ రెగ్యులేటర్ ఎవరికీ అక్కర్లేదని నేను అనను. అదే షెడ్డుకి గంటకి 255 లీటర్ల పంపు వేసిన ఇంకో టర్బో బండి వచ్చింది. దాని స్టాక్ రెగ్యులేటర్‌లో మిగులు పోయే దారి చిన్నది, పంపు తోసేది ఎక్కువ. పైపు తీసి చూస్తే ఐడిల్‌లోనే 3కి బదులు 3.8. ఆ బండికి పెద్ద దారి ఉన్న మంచి కంపెనీ రెగ్యులేటర్ వేశారు, న్యాయంగా ఉంది. పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు వేసి, దానికి తగ్గట్టు మ్యాప్ రాయించేవాళ్లకి అది తప్పదు. నా బండి ఆ కోవకి రాదు.

నా కాపీ రెగ్యులేటర్ విషయం ఇంకొకటి ఉంది. అది బండి మీద ఉన్నది మూడు వారాలే. రెండో వారంలోనే మా అమ్మ "వాకిట్లో పెట్రోలు వాసనొస్తోందిరా" అంది. నేను పట్టించుకోలేదు. విప్పిన రోజు వాక్యూమ్ పైపు లాగితే, దాని కొసన ఒక చుక్క వేలాడుతోంది. వేలితో తుడిచి వాసన చూశాను. పెట్రోలే. డయాఫ్రమ్ లోపల కారుతోంది, ఆ కారింది తిన్నగా మానిఫోల్డ్‌లోకి పోతోంది. పైపు ఊడి ఆ పెట్రోలు వేడి టర్బో మీద పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

స్టాక్ దానికి రెండు కొత్త ఓరింగులు వేసి, క్లిప్పు పెట్టి బిగించాం. ఇప్పుడు నెలకోసారి బానెట్ ఎత్తి ఆ చిన్న పైపు లాగి, కొస పొడిగా ఉందో లేదో చూసుకుంటాను. వర్షాకాలం ముందు వెనక సీటు ఎత్తి ఎర్త్ బోల్టు కూడా చూస్తాను.