తారీకు లేని పలక

ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్ నుంచి సల్‌గ్రేవ్ అనే ఊరు కారులో గంటలోపే. చివర్లో మాత్రం, ఎదురుగా ఇంకో బండి వస్తే ఏ పొదలోకి దూరాలా అని టెన్షన్ పెట్టే సన్నటి దారి.

అక్కడున్న, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పూర్వీకుల ఇల్లంటే కోటలాంటిదేదో ఊహించుకున్నాను. తీరా చూస్తే, కాస్త కలిగిన రైతు కట్టుకున్నంత రాతి ఇల్లు. కట్టించిన లారెన్స్ వాషింగ్టన్ ఉన్ని వ్యాపారి, నార్తాంప్టన్‌కి మేయర్‌గా కూడా చేశాడు. రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించి భూములు అమ్మేస్తుంటే 1539లో 324 పౌండ్ల చిల్లరకి ఈ జాగా కొన్నాడు.

వాకిలి పైన కుటుంబ చిహ్నం ఉంది. అరిగిపోయి, కాసేపు తలెత్తి చూస్తేగాని ఆనలేదు: రెండు అడ్డపట్టీలు, వాటి మీద మూడు నక్షత్రాలు. అమెరికా జెండా దీన్నుంచే వచ్చిందని చాలామంది అంటారు, రుజువైతే లేదు. కానీ వాషింగ్టన్ డి.సి. నగరం 1938లో పెట్టుకున్న జెండా మాత్రం అచ్చం ఇదే.

నాకు నచ్చింది జాన్ కథ. లారెన్స్ మునిమనవడు చర్చి పాస్టరు. 1643లో, ఇంగ్లండు అంతర్యుద్ధం రోజుల్లో, తాగుబోతని ముద్ర వేసి ఆయన్ని కొలువులోంచి తీసేశారు. ఆయన కొడుకే జాన్. పొగాకు ఓడలో పనికి కుదిరి 1657 ప్రాంతంలో వర్జీనియా వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఓడ పొటోమాక్ నదిలో ఇసుకమేట ఎక్కింది. ఇక అక్కడే ఉండిపోయి పెళ్ళి చేసుకున్నాడు. నేనూ రెండేళ్ళ ప్రాజెక్టనే వచ్చాను లెండి. పదకొండేళ్ళయింది.

జార్జ్‌కి ఈ జాన్ ముత్తాత. జార్జ్ ఇంగ్లండులో అడుగే పెట్టలేదు. లండన్ నుంచి సర్ ఐజాక్ హెర్డ్ అనే వంశచిహ్నాల అధికారి పూర్వీకుల వివరాలు అడిగితే, ఆ సంగతి తానెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదని 1792లో జవాబు రాశాడు. మన దగ్గరైతే ఈ మాటకి పీటల మీద నుంచి లేపేసేవారు!

ఆ తర్వాత ఊరి చర్చికి వెళ్ళాం. లారెన్స్ సమాధి మీద ఇత్తడి పలక ఉంది. నలుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్ళని చెక్కారు. భార్య ఎమీ పోయింది 1564 అక్టోబరు 6న. బతికుండగానే పలక చేయించుకున్నాడు కాబట్టి తన తారీకు దగ్గర ఖాళీ వదిలి, సంవత్సరంలో '15' వరకే చెక్కించాడు. ఆయన 1584లో పోయాడు. పదకొండుమందిలో ఎవరూ ఆ మిగతా రెండంకెలు చెక్కించలేదు.