పెట్టెలో ఉండిపోయిన చెవి మిషను

కొండపి దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మకు మూడేళ్ల క్రితం ఒక శిబిరంలో చెవి మిషను ఇచ్చారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అది ఏమైందని గట్టిగా అరిచి అడిగితే, ఇనప్పెట్టె తెరిచి పట్టుచీర మడతల కింద నుంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. శనగగింజంత బ్యాటరీ లోపలే ఉండిపోయి, చుట్టూ తెల్లగా పొక్కి ఉంది. "పెట్టుకుంటే కీచుమంటదిరా, బిళ్ల అయిపోతే ఒంగోలు పోవాల" అంది. ఆ బిళ్ల వారం పది రోజులకు మించి రాదు. కీచుమనడానికి కారణం మిషను పాడైపోవడం కాదు. చెవికి తగిన అచ్చు తీయించకపోతే, బయటికి జారిన శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లి అలా మోగుతుంది.

వృద్ధులకు ఊతకర్రలు, చక్రాల కుర్చీలు, కట్టుడుపళ్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పరికరాలకు ఏడాదిపాటు ఉచిత నిర్వహణ ఉండాలన్న నిబంధన అందులో ఉండడం నిజంగా మంచి ఆలోచన. అయితే ఇలాంటి పథకాల ఫలితాన్ని ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎందరికి ఎన్ని పరికరాలు ఇచ్చారు అన్న లెక్కలతో తేల్చినంత కాలం, పెద్దమ్మ మిషను కూడా విజయాల ఖాతాలోనే ఉంటుంది. ఇచ్చిన ఏడాదికి ఆ ఇంటికి వెళ్లి, అది చెవిలో ఉందా, పెట్టెలో ఉందా అని చూడడమే అసలైన మదింపు అని నా నమ్మకం.

తప్పు తెలిస్తే సరిదిద్దుకోవడం మన ప్రభుత్వాలకు చేతకాని పనేమీ కాదు. ఏళ్ల తరబడి పొగాకు గ్రేడింగ్ చేసిన ఆడవాళ్ల వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడదు. పింఛనుదారులు బతికే ఉన్నట్టు ధ్రువీకరించే జీవన్ ప్రమాణ్ 2014లో వేలిముద్ర, కంటిపాపల ఆధారంగా మొదలైనా, 2021 నాటికి ముఖం చూపితే చాలనే పద్ధతి అందులో చేరింది. వృద్ధుల సాయానికి 14567 నంబరు పెట్టడమూ మెచ్చుకోవలసిందే గాని, చెవులు వినపడని మనిషి ఫోనులో ఎవరితో మాట్లాడగలదు? (చెవుడు వృద్ధాప్యంలో అరుదైన సంగతి కూడా కాదు.) ఆమె తరఫున మాట్లాడే మనిషి పక్కన ఉండాలి.

ఆ మనిషి ఇప్పటికే వస్తున్నారు. 2024 జులై నుంచి నాలుగు వేల రూపాయలైన ఎన్టీఆర్ భరోసా పింఛను ఇవ్వడానికి సచివాలయ సిబ్బంది నెలనెలా గడప దాకా వస్తున్నారు. డబ్బు చేతిలో పెట్టేటప్పుడే "మిషను పెట్టుకుంటున్నావా అవ్వా?" అని అడిగి, ఆ జవాబు నమోదు చేసి, సంచిలోంచి ఒక బ్యాటరీ పట్టీ తీసి ఇచ్చే ఏర్పాటు ఉంటే, మదింపు, మరమ్మతు రెండూ ఒకే గడప దగ్గర మొదలవుతాయి. నేను కొనిచ్చిన ఆరు బిళ్లల పట్టీ రెండు నెలలకే అయిపోతుంది. అచ్చు తీయించడానికి ఆమెను ఒంగోలు తీసుకుపోవలసే ఉంది.