కాజ్‌వే మునిగిన మూడు రోజులు

ధవళేశ్వరం దగ్గర గోదావరి 13.75 అడుగులు దాటింది, రెండో హెచ్చరిక ఇచ్చారు. మా లంకకి కాజ్‌వే మునిగింది. ఇక మూడు రోజులు ఇంట్లోనే. కరెంటున్నప్పుడు ఫోన్లో దించుకున్న సిరీస్‌లే దిక్కు.

‘90స్’ ఆరు ఎపిసోడ్లూ ఒక్క పూటలో అయిపోయాయి. అందులో శివాజీ లెక్కల మాస్టారు. ఆయన పిసినారితనం చూసి మేం నవ్వుతుంటే నాన్న మాత్రం, “తప్పేవుంది అందులో?” అన్నారు సీరియస్‌గా.

తర్వాత ‘శివరపల్లి’. హిందీ ‘పంచాయత్’కి మన తెలుగు రూపం. తెలంగాణ యాస నానమ్మకి సగమే అందింది. “ఏవంటన్నాడ్రా?” అని అడుగుతూనే ఎనిమిది ఎపిసోడ్లూ కదలకుండా చూసింది.

రాత్రి ‘చెర్నోబిల్’ పెట్టాను, అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం మీద తీసిన సిరీస్. చుట్టూ వరద, ఇంట్లో ఆ టెన్షన్. “ఆపరా బాబూ” అంది నానమ్మ.

పొద్దున్న పాల పడవ వచ్చింది. నీళ్లు తీస్తున్నాయట. నాకింకా నాలుగు ఎపిసోడ్లున్నాయి.