ఇంజిను తిరుగుతుండగానే పొలంలో దిగాం

అమెరికాలోని కాన్సస్‌లో విమానం నడపడం నేర్చుకునే రోజులవి. సెస్నా 172 అనే చిన్న విమానంలో నేనూ, మా శిక్షకుడూ. మేఘాలు కిందికి దిగుతున్నాయి. ఎదురుగా ఉన్న ఊరి నీళ్ల ట్యాంకు మాయమైంది. ఇంజిను మాత్రం భేషుగ్గా ఉంది. అదే తంటా. అది బాగున్నంతసేపూ ‘ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం’ అనిపిస్తుంది. ఆయన మాత్రం పొలం వెతకమన్నారు.

ఇంజిను ఆగిపోతే దిగడానికి ఒకటే అవకాశం. ఇలా ముందుజాగ్రత్తగా దిగేటప్పుడు పొలం మీద తక్కువ ఎత్తులో ఒకసారి ఎగిరి చూసుకోవచ్చు. చూశాం. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాలనే వెతకాలి. చట్రం వంగితే తలుపులు ఇరుక్కుపోతాయని ముందే కాస్త తెరిచిపెట్టాం. గోధుమ కోసేసిన మోళ్లు చూసి గట్టినేల అనుకున్నాం. చాళ్ల వెంబడే దిగాం. వెనక చక్రాలు రెండూ చక్కగా ఆనాయి. ముందు చక్రాన్ని వీలైనంతసేపు పైనే నిలపాలని తెలిసి కూడా నేను తొందరగా వదిలేశాను. వానకు నానిన నేల దాన్ని మింగేసింది. ముక్కు దగ్గర తిరిగే ప్రొపెల్లరు మట్టిని తవ్వి, దాని రెక్క చివర వంకీ తిరిగింది. కొబ్బరిచిప్పంత బెడ్డ ఒకటి వచ్చి అద్దానికి తగిలింది. ప్రొపెల్లరు అలా నేలను కొట్టిందంటే ఇంజినంతా విప్పి చూడాల్సిందే.

మాకు దెబ్బలేమీ తగల్లేదు. ట్రాక్టరు మీద వచ్చిన రైతు ముందు మమ్మల్ని కాదు, పొలంలో పడ్డ గాడిని చూశాడు. మా తాతయ్య అయినా అదే చేసేవారు.